సముద్రంలోకి దిగేవాడి పనిముట్ల పెట్టె

పిల్లలూ! సైకిలు టైరులో గాలి పోయిందనుకోండి. దిగి, సైకిలు నడిపించుకుంటూ ఇల్లు చేరుతాం. సముద్రంలో 20 మీటర్ల లోతున వున్నవాడికి గాలి అందకపోతే? అక్కడ నడిచి ఇల్లు చేరే వీలు లేదు గదా!

చేపకు మొప్పలున్నవి, మనిషికి లేవు. అందుచేత నీటిలోకి దిగేవాడు గాలిని వెంట తీసుకుపోవాలి. 1943లో ఫ్రాన్సు నౌకాదళ అధికారి జాక్ కూస్టో, ఇంజనీరు ఎమిల్ గాన్యాన్ కలిసి అందుకు తగిన సాధనం తయారుచేశారు. నేటి స్కూబా సాధనాలు దాని సంతతే. వీపున వుండే సిలిండరులో గాలి, మన చుట్టూ వున్న గాలికన్న సుమారు 200 రెట్ల ఒత్తిడితో కుక్కి వుంటుంది. రెగ్యులేటరు అనే ఇత్తడి సాధనం ఆ ఒత్తిడిని తగ్గించి, పీల్చినప్పుడల్లా కావలసినంత గాలిని నోటికి అందిస్తుంది. దానికి గొట్టాలు బిగించే ప్రతి చోటా, గాలి కారకుండా ఒక చిన్న రబ్బరు చుట్టు వుంటుంది. దాన్నే ఓ-రింగు అంటారు. చిటికెనవేలి గోరంత వుండే ఆ రింగు మీదనే మనిషి ఊపిరి ఆధారపడి వున్నదన్నమాట!

నా మేనల్లుడు విశాఖపట్నంలో స్కూబా నేర్పుతాడు. వేసవిలో అతని ఇంటికి వెళ్ళినప్పుడు పనిముట్ల పెట్టె తెరిచి చూశాను. పట్టుమని పది వస్తువులు లేవు.

"ఇంతేనా? పటకారు, సుత్తి ఏవిరా?" అన్నాను.

"అవి వుంటే చెయ్యి వాటిమీదికే పోతుంది, మామయ్యా! అందుకే వుంచలేదు," అని, తాను పని నేర్చుకునే రోజుల సంగతి ఒకటి చెప్పాడు.

అతను ఒక పాత రింగును దబ్బనంతో పెకలించి, కొత్తది వేశాడట. మర్నాడు సిలిండరు తెరిచి, రెగ్యులేటరును నీటితొట్టిలో ముంచితే సన్నగా బుడగలు వచ్చినవి. మరొక రింగు వేసినా ఆగలేదు. భూతద్దంతో చూస్తే, రింగు కూర్చునే చోట వెంట్రుకంత గీత కనిపించింది. దబ్బనం ఉక్కు, ఇత్తడి దానికన్న మెత్తన. గీత పడింది ఇత్తడి మీద! రబ్బరు మార్చి ఏం లాభం? ఆ భాగమే మార్చవలసివచ్చింది.

"తొట్టిలో చూడకుండా సముద్రంలోకి దిగివుంటే? ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు, మామయ్యా," అన్నాడు.

ఇప్పుడతని పెట్టెలో రింగు తీయటానికి ఇత్తడి పుల్ల, ప్లాస్టిక్ పుల్ల వున్నవి. వాటితో జాగ్రత్తగా తీస్తే గీత పడదు.

తరువాత పానాలు. ఆ గొట్టాలలో చాలావాటికి 9/16 అంగుళం పానా కావాలి. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు గనక, లెక్క కడితే అది దాదాపు 14.3 మిల్లీమీటర్లు. 14 పానా పట్టదు; 15 పానా వదులు. వదులు పానా నట్టు మూలలను అరగదీస్తుంది. వాడని రంధ్రాలకు బిగించిన బిరడాలు విప్పటానికి ఆలెన్ కీ వుంది.

మరొకటి, సిలికోన్ గ్రీజు. రింగు మెరిసేటంత రాస్తే చాలు. ఎక్కువైతే ఇసుక అంటుకుంటుంది. యంత్రాల నూనె మాత్రం తగలనివ్వరాదు. నూనె కొన్ని రకాల రబ్బరును చెడగొడుతుంది. అధిక ఒత్తిడిగల ఆక్సిజన్ తగిలితే మండుతుంది కూడా.

ఇక మిగిలినవి భూతద్దం, కొన్ని కొత్త రింగులు, మెత్తని పళ్ళ బ్రష్షు. అన్నిటికన్న ఎక్కువ పని చేసేది ఈ బ్రష్షే! ఉప్పునీరు ఆరిపోకముందే సామానంతా మంచినీటితో కడగాలి.

సిలిండరు మూసి, గొట్టాలలోని గాలి పూర్తిగా వదిలిన తరువాతనే పానా పట్టాలి. రెగ్యులేటరు లోపలి భాగాలు శిక్షణ పొందిన మెకానిక్కు మాత్రమే విప్పాలి. నా మేనల్లుడు కూడా వాటి జోలికి పోడు. మీరు పెద్దవాళ్ళు చేస్తుంటే చూడండి గాని, ఈ పని స్వయంగా చేయకండి.

మీరు చేయదగినది ఒకటున్నది. మీ ఇంట్లో సైకిలు నట్లు పరీక్షించండి. మూలలు అరిగివుంటే, ఎవరో ఎప్పుడో చేతికందిన పానాతో విప్పారన్నమాట. సరిపోయే పానా వెతకటానికి అయిదు నిమిషాలు పడితే పట్టనివ్వండి. అరిగిన మూల మళ్ళీ మొలవదు.