చెయ్యి బల్ల మీద, చూపు తెర మీద

హైదరాబాద్ పాతబస్తీలో పత్తర్‌గట్టీ రాతి కమానులు దాటి ఛత్తా బజార్‌లోకి అడుగుపెడితే పెళ్లి రుక్కాలు అచ్చువేసే దుకాణాలు వరసగా కనిపిస్తాయి. ఒకప్పుడు అక్కడ కాతిబ్‌లు కూర్చుని, మొన ఏటవాలుగా చెక్కిన రెల్లు కలంతో ఉర్దూను నస్తాలీక్ శైలి అక్షరాల్లో రాసేవారు. వాళ్లకు స్కేలు అక్కర్లేదు. కలం మొనను కాగితం మీద ఒక్కసారి అదిమితే పడే చుక్క, నుక్తా, అదే కొలత. ఏ అక్షరం ఎన్ని నుక్తాల పొడవో, ఎన్ని నుక్తాల వంపో చేతికే తెలుసు. ఇప్పుడు ఆ బల్లల మీద కంప్యూటర్లున్నాయి. కలం పట్టిన చోట మౌస్ పట్టిన చేతులు కనిపిస్తాయి.

ఆ చేతులకు మొదటి రోజు ఎంత కష్టమో నేను దగ్గరగా చూశాను. జంటనగరాల యువతకు పని నేర్పడానికి 1978లో సెట్విన్ సంస్థ పుట్టినప్పటి నుంచి పాతబస్తీకి శిక్షణ తరగతులు కొత్త కాదు. నేను కంప్యూటర్ పాఠం చెప్పింది ఒక చిన్న కేంద్రంలో. నలభై దాటిన ఒకామె, ఇంట్లో బట్టలు కుట్టి సంసారం నడిపే మనిషి, మౌస్‌ను జరుపుకుంటూ జరుపుకుంటూ బల్ల అంచుకు చేరింది. తెర మీద బాణం ఇంకా సగం దారిలోనే ఉంది.

“టీచర్, జగా అయిపోయింది. ఇంక ఏడికి పోవాలె?”

“పైకెత్తి మళ్లీ మధ్యలో పెట్టండి ఆపా.”

ఎత్తి పెట్టింది. బాణం ఉన్నచోటే ఉంది. “నేను ఎత్తిన గదా, అదెందుకు కదల్లే?” అంది.

మౌస్ గురించి ఇంతకంటే మంచి ప్రశ్న లేదు. కలం ఎక్కడుంటే సిరా అక్కడ పడుతుంది. మౌస్‌కు తానెక్కడుందో తెలియదు. ఎటు కదిలింది, ఎంత కదిలింది అన్నదొక్కటే చెబుతుంది. ఇంటి నంబరు తెలియని గల్లీలో “పది అడుగులు ముందుకు, ఆరు కుడికి” అని దారి చెప్పినట్టు. గాలిలోకి లేచినప్పుడు లెక్క ఆగిపోతుంది.

ఈ లెక్కను మొదట రెండు చక్రాలు చూసుకున్నాయి. 1964లో కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఆలోచనను బిల్ ఇంగ్లిష్ చెక్క దిమ్మెలో అమర్చాడు. దిమ్మె అడుగున ఒకదానికొకటి అడ్డంగా రెండు లోహపు చక్రాలు, పైన ఒక్క బటన్. ఒక చక్రం అడ్డం కొలిస్తే రెండోది నిలువు కొలిచేది. వెనక తోకలా వైరు ఉండేది. ఎలుక అన్న పేరు ఎవరు పెట్టారో తర్వాత వాళ్లకే గుర్తులేదు.

తెరను నేరుగా తాకే లైట్ పెన్‌తోనూ, మోకాలితో నడిపే సాధనంతోనూ దీన్ని పోల్చి చూశారు. అలవాటైన చేతుల్లో మౌస్ గెలిచింది. కొత్తవాళ్లకు మాత్రం మిగతావే సులువయ్యాయి. మా ఆపా తడబాటు ఆ తొలి పరీక్షలోనే కనిపించిందన్న మాట! 1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎంగెల్‌బార్ట్ తొంభై నిమిషాల ప్రదర్శనలో దీన్ని లోకానికి చూపాడు. పేటెంట్ 1970లో వచ్చింది.

తర్వాత చక్రాల చోట బంతి వచ్చింది. బంతి మౌస్‌తో దుమ్ముకు భలే స్నేహం. లోపలి రోలర్లకు చుట్టుకున్న మురికిని గోటితో గీకి తీసిన జ్ఞాపకం ఆ తరం వాళ్లందరికీ ఉంటుంది. 1999లో మైక్రోసాఫ్ట్ అమ్మకానికి తెచ్చిన మౌస్‌తో బంతి లేని రకం సామాన్యుల బల్లల మీదికి చేరింది. అడుగున ఎర్రని దీపం ఏటవాలుగా వెలుగుతుంది. బల్ల గరుకు మీద పడే సన్నని నీడలను ఒక చిన్న కెమెరా సెకనుకు వెయ్యికి పైగా ఫోటోలు తీస్తుంది. ఒక ఫోటోకూ తర్వాతి దానికీ నీడలు ఎంత జరిగాయో అదే కదలిక. అద్దం మీద పెడితే నీడలు లేక తికమకపడుతుంది. కింద ఒక కాగితం పరిస్తే చాలు.

ఛత్తా బజార్ కథ ఇంకొంచెం ఉంది. 1981లో మిర్జా అహ్మద్ జమీల్ అనే కాతిబ్ వేల కొద్దీ నస్తాలీక్ అక్షరాల కూర్పులను చేత్తో రాసి, మోనోటైప్ సంస్థతో కలిసి కంప్యూటర్‌కు అందించారు. అదే నూరీ నస్తాలీక్. 1994లో ఢిల్లీలో తయారైన ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ దాన్ని మామూలు దుకాణాలకు చేర్చింది. మౌస్‌తో జరిపే అక్షరం కూడా ఒక కాతిబ్ చేతి నుంచి వచ్చిందే. నాకు ఇది చాలా ఊరటనిస్తుంది.

మళ్లీ తరగతికొస్తే, ఆపాకు పేకముక్కల సాలిటేర్ తెరిచి ఇచ్చాను. 1990లో విండోస్‌లో దాన్ని పెట్టింది బటన్ నొక్కి పట్టి లాగడం జనానికి అలవాటు కావాలనే. కానీ ఆమె చూపు మాటిమాటికీ చేతి మీదికే దిగిపోతోంది.

“మిషన్ తొక్కేటప్పుడు కాళ్లను చూస్తారా ఆపా?”

“కాళ్లను చూస్తే సూది వేల్లోకి దిగుతది!” అని నవ్వింది. తర్వాత తెర వైపు తిరిగింది. ఎర్ర ఆఠీను రాణిని పట్టి నల్ల రాజు మీదికి మెల్లగా లాగుతోంది. బల్ల కింద ఆమె కుడిపాదం మిషన్ తొక్కుతున్నట్టే ఆడుతోంది.