ఈ వేడి ఎక్కడిది?

హైదరాబాద్‌లో ఏడాదికి రెండు రోజులు మిట్టమధ్యాహ్నం వేళ నీడ కనిపించకుండా పోతుంది. నిటారుగా పాతిన కర్ర నీడ దాని మొదట్లోనే అణిగిపోతుంది. మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో మరోసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. రెండు రోజుల్లోనూ ఎండ పడే కోణం ఒకటే. పగటి పొడవూ ఇంచుమించు ఒకటే. అయినా మే నెలలో నగరంలో పగటి ఉష్ణోగ్రత సగటున 39 డిగ్రీల దగ్గర ఉంటే, ఆగస్టులో 30 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది.

మన పత్రికలకు మే నెల రాగానే ఒక శీర్షిక సిద్ధంగా ఉంటుంది: ‘భానుడి భగభగలు’. పాపం, భానుడు ఆగస్టులోనూ అదే పని చేస్తున్నాడు. దూరం సంగతి చూసినా అంతే. భూమి సూర్యుడికి అన్నిటికన్నా దగ్గరగా వెళ్లేది జనవరి మొదటి వారంలో, అంటే మనం సంక్రాంతి చలికి దుప్పట్లు తీసే రోజుల్లో. అప్పటి దూరం సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు. జులై మొదటి వారానికి అది 15.2 కోట్లవుతుంది. కాబట్టి ఎండాకాలం వేడి లెక్క తేల్చాలంటే సూర్యుణ్ని కాసేపు పక్కన పెట్టి గాలిని నిలదీయాలి. ఎక్కడి నుంచి వచ్చావు, దారిలో ఏం చేశావు అని.

ఆగస్టు సంగతి ముందు తేల్చేద్దాం. మబ్బులు కొంత ఎండను వెనక్కి తిప్పికొడతాయి, అది అందరికీ తెలిసిందే. అంతగా కంటికి కనిపించనిది తడి నేల చేసే పని. కిలో నీరు ఆవిరి కావాలంటే దాదాపు 24 లక్షల జౌళ్ల శక్తి కావాలి. అదే శక్తి గాలికి దక్కితే వంద కిలోల గాలి, అంటే ఓ పెద్ద హాలు నిండా ఉండే గాలి, 24 డిగ్రీలు వేడెక్కుతుంది. ఆగస్టులో చెరువులు, పొలాలు, చెట్లు ఆ శక్తిని ముందే పట్టేసి ఆవిరి కింద ఖర్చు పెట్టేస్తాయి. మే నెలలో ఎండిపోయిన నేల మీద ఖర్చు పెట్టడానికి నీరుండదు. వచ్చిందంతా నేలను కాల్చడానికే సరిపోతుంది.

నేలను అంటున్నాను, గాలిని కాదు. ఎండ చాలావరకు గాలిని దాటుకుని వెళ్లిపోతుంది. భూమికి చేరే సౌరశక్తిలో దాదాపు సగాన్ని నేల, సముద్రం పీల్చుకుంటాయి. వాతావరణం నేరుగా పట్టుకునేది అందులో సగం కూడా ఉండదు. గాలికి వేడి ప్రధానంగా కింది నుంచే అందుతుంది. అందుకే సూర్యుడు పన్నెండు దాటాక నెత్తి మీద ఉంటే, ఉష్ణోగ్రత మాత్రం రెండున్నర, మూడు గంటలకు గానీ గరిష్ఠానికి చేరదు. నేల ముందు కాగాలి, ఆ తర్వాత గాలికి అందించాలి.

వాతావరణ శాఖ కొలిచేది కూడా ఈ గాలి వేడినే. పరిశీలన కేంద్రాల ఆవరణలో తెల్ల రంగు వేసిన చెక్కపెట్టె ఒకటి నాలుగు కాళ్ల మీద నిలబడి ఉంటుంది. నాలుగు వైపులా కిటికీ రెక్కల్లాంటి ఏటవాలు పలకలు. గాలి ఆడుతుంది, ఎండ మాత్రం దూరదు. లోపలి థర్మామీటర్లు నేల నుంచి నాలుగడుగుల ఎత్తులో ఉంటాయి. మన దేశంలో దాని తలుపు ఉత్తరం వైపు పెడతారు, చదవడానికి తెరిచినప్పుడు ఎండ థర్మామీటరు మీద పడకూడదని. టీవీలో ‘45 డిగ్రీలు’ అన్నారంటే అది ఆ పెట్టెలోని నీడ లెక్క. ఆ వేళకు తారు రోడ్డు వేడి 60 దాటిపోయి ఉంటుంది. రోడ్డు మీద తోపుడుబండి నెట్టుకెళ్లేవాడి కాళ్లకు తెలిసే లెక్క ఏ పట్టికలోనూ ఉండదు.

కొండెక్కిన పాదరసం

గాలికి బరువుందన్న సంగతి 1643లో ఇటలీలో టోరిచెల్లీ పాదరసం గొట్టంతో తేల్చాడు. సముద్రమట్టం దగ్గర ప్రతి చదరపు మీటరు మీదా నిలబడి ఉన్న గాలి బరువు సుమారు పది టన్నులు. ఆ బరువే పీడనం. ఇది నిజంగా బరువే అయితే పైకి వెళ్లేకొద్దీ తగ్గాలి కదా అని ఫ్రాన్స్‌లో బ్లెయిజ్ పాస్కల్‌కు అనుమానం వచ్చింది. ఆయన పారిస్‌లో ఉన్నాడు, దగ్గర్లో కొండ లేదు. దాంతో పని బావగారు ఫ్లోరిన్ పెరియే మీద పడింది. 1648 సెప్టెంబర్ 19న పెరియే క్లెర్మాంట్ పట్టణంలోని ఒక మఠం తోటలో రెండు గొట్టాలు నింపి, రెండింటిలోనూ పాదరసం ఒకే ఎత్తున ఉందని చూసుకున్నాడు. ఒకదాన్ని అక్కడే ఉంచి, రోజంతా చూస్తూ ఉండమని ఒక సన్యాసికి అప్పగించాడు. రెండోది పట్టుకుని పుయీ ద డోమ్ కొండెక్కాడు. శిఖరం మీద పాదరసం సుమారు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు దిగింది. కింద సన్యాసి కాపలా కాసిన గొట్టంలో అది కదల్లేదు. ఆ కథలో నాకు పెరియే కన్నా ఆ సన్యాసే ఎక్కువ నచ్చుతాడు. ఏమీ జరగలేదని రూఢి చేయడానికి రోజంతా కూర్చున్నాడు మరి.

పాదరసం దిగిందంటే పైన పీడనం తగ్గినట్టే. కొండ మీద చలీ వేస్తుంది. కానీ పీడనం తగ్గితే చలి ఎందుకు వేయాలి? పైకి లేచిన గాలి చుట్టూ ఒత్తిడి తగ్గుతుంది కనుక వ్యాకోచిస్తుంది. వ్యాకోచించాలంటే పక్కనున్న గాలిని నెట్టాలి, నెట్టడానికి శక్తి కావాలి. బయటి నుంచి ఇచ్చేవాళ్లెవరూ లేరు కాబట్టి తనలోని వేడినే ఖర్చు చేసుకుంటుంది. పొడిగాలి కిలోమీటరు ఎత్తుకు దాదాపు 9.8 డిగ్రీలు చల్లబడుతుంది. తేమ ఉంటే ఆవిరి నీటి చుక్కలుగా మారుతూ దాచుకున్న వేడిని తిరిగి ఇస్తుంది. అందుకే వాతావరణంలో సగటు తరుగుదల 6.5 డిగ్రీలే.

ఈ లెక్కను లంబసింగికి పట్టుకెళితే ఒక తిరకాసు ఎదురవుతుంది. చింతపల్లి కొండల్లోని ఆ ఊరు సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. జనవరిలో విశాఖలో రాత్రి ఉష్ణోగ్రత 18 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. అందులోంచి ఏ లెక్కన తీసేసినా లంబసింగికి ఎనిమిదో, పన్నెండో మిగలాలి. కానీ కొన్నేళ్లలో అక్కడ సున్నా దాకా దిగి, గడ్డి మీద మంచు పేరుకుంది. మిగతా చలి ఎత్తుది కాదు, రాత్రిది. మబ్బు లేని, తేమ లేని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. నేలను తాకిన గాలి చల్లబడి బరువెక్కి, వాలు వెంట జారి కొండల నడుమ పల్లంలో చేరుతుంది. అందుకే తెల్లవారుజామున చుట్టూ ఉన్న గట్టు మీద కన్నా కింద లోయలోనే ఎక్కువ వణుకు పుడుతుంది.

పడమటి గాలి

పైకెళ్లిన గాలి చల్లబడితే, కిందికి దిగిన గాలి వేడెక్కాలి. ఈ రెండో సగాన్ని కృష్ణా, గుంటూరు, పల్నాడు ప్రాంతాల వాళ్లకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. మే చివర, రోహిణీ కార్తెలో పడమటి గాలి తిరిగిందంటే తలుపులు వేసుకోవాల్సిందే. దక్కన్ పీఠభూమి మీద హైదరాబాద్ ఎత్తు 500 మీటర్ల పైమాటే. అక్కడ 41 డిగ్రీలున్న పొడిగాలి తీరమైదానానికి దిగిందనుకోండి, దారిలో ఎండ అసలు తగలకపోయినా, కేవలం కిందికి దిగినందుకే అయిదు డిగ్రీలు పెరుగుతుంది. పైనున్న గాలి బరువు దాన్ని నొక్కుతుంది, నొక్కుడుకు ఖర్చయిన శక్తి వేడిగా మారుతుంది. సైకిలు టైరుకు గాలి కొడుతుంటే పంపు అడుగు చెయ్యి కాలేటంత వేడెక్కడం కూడా ఈ పనే.

మామూలు రోజుల్లో తీరాన్ని కాపాడేది సముద్రపు గాలి. పగలు నేల సముద్రం కన్నా త్వరగా కాగుతుంది. దాని మీది గాలి తేలికై లేస్తుంది, ఆ లోటును పూడ్చడానికి సముద్రం నుంచి చల్లగాలి వస్తుంది. మచిలీపట్నంలో మధ్యాహ్నం అది తగిలితే ఉష్ణోగ్రత అక్కడితో ఆగిపోతుంది. పడమటి గాలి బలంగా ఉన్న రోజు మాత్రం సముద్రపు గాలిని ఒడ్డు దాటనివ్వదు. సముద్రం పక్కనే పెట్టుకుని మచిలీపట్నంలో 45 దాటడం ఆ రోజుల్లోనే. 2015 మే నెలాఖరున ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వడగాడ్పులకు వెయ్యి మందికి పైగా చనిపోయారు. వాతావరణ శాఖ తీరప్రాంతానికి 37 డిగ్రీలను, మైదానాలకు 40ని, కొండ ప్రాంతాలకు 30ని వడగాడ్పు కనీస హద్దులుగా పెట్టుకుంది. హద్దు దాటడంతో పాటు సాధారణం కన్నా నాలుగున్నర డిగ్రీలు పెరిగితే వడగాడ్పు అంటుంది. వేడి ఎంతన్నదొక్కటే కాదు, ఆ చోటికి అది కొత్తా పాతా అన్నదీ చూడాలి కనుక ఈ పద్ధతి సబబే.

ఒత్తిడి ఉంటే వేడి ఉన్నట్టేనా?

ఇక్కడి నుంచే కొందరు ఒక అడుగు ఎక్కువ వేస్తారు. నొక్కితే వేడెక్కుతుంది కదా, మరి గ్రహాల వేడికి వాటి వాతావరణ పీడనమే కారణం, కార్బన్ డయాక్సైడ్ గొడవంతా ఉత్తిదే అంటారు. వాళ్లు చూపించే సాక్షి శుక్రుడు. 1982 మార్చి 1న అక్కడ దిగిన సోవియట్ నౌక వెనెరా-13 457 డిగ్రీల వేడిలో, మన కన్నా 89 రెట్ల ఒత్తిడిలో 127 నిమిషాలు పనిచేసి మూగబోయింది. సూర్యుడికి చాలా దగ్గరున్న బుధుడి మీద కూడా అంత వేడి లేదు.

వాదం వినడానికి బాగుంటుంది. ఆసుపత్రిలో మంచం పక్కన నిలబెట్టిన ఆక్సిజన్ సిలిండర్‌ను ఒకసారి తాకి చూస్తే చాలు, నిలవదు. లోపల ఒత్తిడి బయటి కన్నా దాదాపు 150 రెట్లు, తాకితే గది ఎంత చల్లగా ఉందో అదీ అంతే. నింపేటప్పుడు వేడెక్కింది, తర్వాత ఆ వేడి బయటికి పోయింది. వేడి పుట్టేది నొక్కేటప్పుడు, నొక్కి ఉంచినంత మాత్రాన కాదు. శుక్రుడి నేల ఆ ఉష్ణోగ్రత దగ్గర చదరపు మీటరుకు 16 వేల వాట్లకు పైగా వెదజల్లుతుంది. ఆ గ్రహం సూర్యుడి నుంచి పీల్చుకునేది సగటున 160 వాట్ల లోపే. తెల్లటి మేఘాలు మిగతాది తిప్పికొట్టడంతో అది భూమి పీల్చుకునే 240 వాట్ల కన్నా కూడా తక్కువ. బయటికి పోయే దారి మూసుకుపోతే తప్ప అంత కొద్ది ఆదాయంతో అంత వేడి నిలవదు.

ఇందులో కార్బన్ డయాక్సైడ్ పాత్రను మొదట పసిగట్టింది అమెరికాలో యూనిస్ ఫుట్ అనే మహిళ. 1856లో ఆమె గాజు గొట్టాల్లో థర్మామీటర్లు పెట్టి ఎండలో ఉంచింది. ఒకదాంట్లో గాలి తోడేసి, మరోదాంట్లో కుక్కి చూస్తే కుక్కిన గాలే ఎక్కువ వేడెక్కింది. ఆ తర్వాత కార్బన్ డయాక్సైడ్ నింపి చూసింది. అది అన్నిటికన్నా వేడెక్కడమే కాదు, నీడలోకి తెచ్చాక చల్లారడానికీ చాలా సమయం తీసుకుంది. భూమి గాలిలో ఈ వాయువు ఎక్కువైన కాలంలో వేడి కూడా ఎక్కువే ఉండి ఉంటుందని ఆమె రాసింది. ఎండనూ నేల వదిలే వేడినీ విడదీసి చూసే పరికరం ఆమె దగ్గర లేదు. ఆ పని 1859లో జాన్ టిండాల్ చేశాడు. పొడిగాలిలో 99 శాతమైన నత్రజని, ఆక్సిజన్‌లు నేల వేడిని వదిలేస్తాయని, నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ పట్టుకుంటాయని ఆయన కొలతలు చూపాయి.

అలాగని పీడనానికి ఈ కథలో పాత్ర లేదనడమూ తప్పే. భూమి అంతరిక్షంలోకి పంపే వేడి సగటున అయిదు కిలోమీటర్ల ఎత్తు నుంచి పోతుంది. వచ్చిన ఎండకు సరిపడా పంపాలంటే అక్కడ మైనస్ 18 డిగ్రీలు ఉంటే చాలు. అక్కణ్నుంచి కిందికి దిగితే కిలోమీటరుకు 6.5 చొప్పున 33 డిగ్రీలు పెరిగి, నేల దగ్గర 15 అవుతుంది. భూమి సగటు ఉష్ణోగ్రత అదే. కిలోమీటరుకు పెరిగే ఈ డిగ్రీలను ఒక మెట్టు అనుకుంటే, ఆ మెట్టు ఎత్తును ఆకర్షణ, పీడనం, తేమ నిర్ణయిస్తాయి. ఎన్ని మెట్లున్నాయన్నది వేడిని పట్టే వాయువులు నిర్ణయిస్తాయి. శుక్రుడి మీద అరవై కిలోమీటర్లకు పైనుంచి దిగాలి. అంగారకుడి గాలిలో 95 శాతం కార్బన్ డయాక్సైడే, కానీ ఆ గాలి మనదాంట్లో వందో వంతు కూడా లేదు. దిగడానికి మెట్లే లేక అది మైనస్ 60 దగ్గర గడ్డకట్టి ఉంది.

మన గాలిలో ఈ వాయువు పరిశ్రమలు రాక ముందు పది లక్షల పాళ్లకు 280 ఉండేది. ఇప్పుడు 420 దాటింది. పీడనం లెక్కలో అది గాలి బరువుకు చేర్చింది లెక్కలోకి రానంత. వేడి బయటపడే ఎత్తు మాత్రం పైకి జరుగుతోంది, దాంతో నేల వేడెక్కుతోంది. ఎండ పెరగడమే కారణమైతే పై పొరలూ కింది పొరలూ కలిసే వేడెక్కాలి. కార్బన్ డయాక్సైడ్ కారణమైతే కింద వేడెక్కి, పైన స్ట్రాటోస్ఫియర్ చల్లబడాలని 1967లో స్యుకురో మనాబే, రిచర్డ్ వెదరాల్డ్ కంప్యూటర్‌లో లెక్క కట్టారు. 1979 నుంచి ఉపగ్రహాలు ఆ పొరల ఉష్ణోగ్రతను కొలుస్తున్నాయి. పైన చల్లబడింది, కింద వేడెక్కింది. మనాబేకు 2021లో భౌతికశాస్త్ర నోబెల్ ఇచ్చారు.