ఓడ ఎక్కే ముందు రాత్రి బస ఎక్కడ?

టిక్కెట్లు చేతికొచ్చాయి. పిల్లలు రోజులు లెక్కపెడుతున్నారు. మీవారు సెలవు పెట్టేశారు. ఏ చీరలు పెట్టుకోవాలో మీరూ ఒక నిర్ణయానికి వచ్చేశారు. అంతా బాగానే ఉంది. మరి ఓడ ఎక్కే ముందు రోజు రాత్రి ముంబయిలో ఎక్కడ దిగుతున్నారు?

"అదేముందండీ, ఒక్క రాత్రే కదా! ఏదో ఒక లాడ్జి దొరక్కపోతుందా" అంటారు చాలామంది. మొత్తం ప్రయాణంలో జాగ్రత్తగా ఎంచుకోవలసింది ఆ ఒక్క రాత్రి బసే. ముంబయి నుంచి ఓడలో విహారయాత్ర ఇప్పుడు కలవారికి మాత్రమే పరిమితమైన ముచ్చట కాదు. 2021లో కార్డీలియా సంస్థ ఇక్కడి నుంచి ఓడలు నడపడం మొదలుపెట్టాక గోవా, కొచ్చి, లక్షదీవుల దాకా వెళ్ళి వచ్చిన మనవాళ్ళు చాలామందే ఉన్నారు. ఏడాదంతా చీటీ కట్టి, పండగ ఖర్చు తగ్గించుకుని దాచిన డబ్బుతో వెళ్ళే కుటుంబాలూ ఉన్నాయి. రైలు తప్పితే మరో రైలుంటుంది. ఓడ బయల్దేరడానికి చాలా ముందే ఎక్కించుకోవడం ఆపేస్తారు. ఆ వేళ దాటితే ఓడా ఆగదు, టిక్కెట్టు డబ్బూ సాధారణంగా వెనక్కి రాదు. కాబట్టి ఓడ ఎక్కే రోజున ముంబయి చేరేలా రైలుకో విమానానికో టిక్కెట్టు తీసుకోకండి. ఒక రోజు ముందే చేరండి.

ముందు రేవు గేటు, తర్వాతే హోటలు

ముంబయి పటాన్ని ఒక పొడుగాటి గరిటె అనుకోండి. ఉత్తరాన వెడల్పు, దక్షిణాన సన్నటి కాడ. విహార ఓడలు ఆగే రేవు ఆ కాడ చివర, బల్లార్డ్ ఎస్టేట్ పక్కన ఉంది. సహార్ విమానాశ్రయం అక్కడికి సుమారు 25 కిలోమీటర్లు. చుట్టాలుండే కల్యాణ్ 50 కిలోమీటర్ల పైమాటే. ముంబయిలో కిలోమీటర్ల కన్నా ట్రాఫిక్కు ముఖ్యం. ఉదయం పూట 25 కిలోమీటర్లకు గంటన్నర పట్టినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

టిక్కెట్టు మీద ఏ గేటు దగ్గరికి రమ్మన్నారో చూడండి. ఓడరేవుకు గ్రీన్ గేటు, ఎల్లో గేటు, రెడ్ గేటు అని చాలా ద్వారాలున్నాయి. "ఓడ ఎక్కాలి" అని మాత్రమే చెబితే ట్యాక్సీవాడు ఎలిఫెంటా లాంచీలు బయల్దేరే గేట్‌వే ఆఫ్ ఇండియాకో, మజ్‌గావ్‌లోని భావూచా ధక్కాకో తీసుకుపోవచ్చు. ఈ మూడూ వేరు వేరు చోట్లు. గేటు పేరు తెలిశాకే హోటలు వెతకండి.

ఏ పేట ఎవరికి?

ఫోర్టు, బల్లార్డ్ ఎస్టేట్: రేవుకు అన్నిటికన్నా దగ్గర. హైదరాబాదు వైపు నుంచి వచ్చే రైళ్ళు చాలావరకు ఆగే ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ నుంచి రేవు కిలోమీటరు, కిలోమీటరున్నర ఉంటుంది. కొన్ని రైళ్ళు కుర్లా దగ్గరి లోకమాన్య తిలక్ టెర్మినస్‌లోనే ఆగిపోతాయి. మీ టిక్కెట్టు మీద ఏ స్టేషనుందో చూసుకోండి. పెద్దవాళ్ళూ, చంటిపిల్లలూ వెంట ఉంటే ఈ పేటే మంచిది. ఒక్క లోటు, ఇది ఆఫీసుల పేట. ఆదివారం వీధులు బోసిపోతాయి, చిన్న హోటళ్ళు చాలా మూసేస్తారు. భోజనం సంగతి ముందే అడగండి.

కొలాబా: రేవు నుంచి కాస్త దూరమే అయినా ట్యాక్సీలో కొద్ది నిమిషాలు. సాయంత్రం గేట్‌వే చూడొచ్చు, కాజ్‌వేలో గాజులూ చెప్పులూ బేరమాడొచ్చు. పాతకాలపు చిన్న లాడ్జీలు చాలా ఉన్నాయి. కొన్నిటికి లిఫ్టు ఉండదు. కిటికీ లేని గదులూ ఉంటాయి.

చర్చ్‌గేట్, మెరీన్ డ్రైవ్: సముద్రం కనిపించే గదికి అద్దె ఎక్కువ. ఆలోచించండి, రేపట్నుంచి చూసేదంతా సముద్రమే కదా! వెనక వీధిలో గది తీసుకుని, సాయంత్రం గట్టు మీద కూర్చుని గాలి పీల్చుకుంటే ఆ డబ్బు మిగులుతుంది.

దాదర్, మాటుంగా: ఇడ్లీ, ఫిల్టరు కాఫీ, మనకు నచ్చే భోజనం దొరికే చోటు. రేవుకు సుమారు పది కిలోమీటర్లు. ఓడ మధ్యాహ్నం తర్వాతైతే ఇది కూడా ఫరవాలేదు.

అంధేరి, సహార్: విమానం అర్ధరాత్రి దిగేవాళ్ళకు మాత్రమే. 2025 అక్టోబరు నుంచి విమానాశ్రయం దగ్గర్నుంచి నేరుగా ఛత్రపతి శివాజీ టెర్మినస్ దాకా భూగర్భ మెట్రో ఉంది. చేతిసంచులతో వెళ్ళేవాళ్ళకు హాయి. పెద్ద పెట్టెలూ పిల్లలూ ఉంటే ట్యాక్సీయే నయం. ఇంకో మాట. దక్షిణ ముంబయిలోకి ఆటోలను రానివ్వరు. అంధేరిలో ఆటో ఎక్కి రేవు దాకా వెళ్దామనుకుంటే కుదరదు.

మరి చుట్టాలు?

అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. కల్యాణ్‌లో ఆడపడుచో, భివండీలో పినమావగారో ఉంటారు. "మా ఇల్లుండగా హోటలేమిటి?" అంటారు. ఆప్యాయంగానే అంటారు. కానీ ఆ రాత్రి కబుర్లతో పన్నెండవుతుంది. తెల్లారి వాళ్ళు టిఫిను తినకుండా కదలనివ్వరు. పెట్టెలతో లోకల్ రైలెక్కడం ఉదయం రద్దీలో అయ్యే పని కాదు. ఆదివారమైతే మరమ్మతుల కోసం మెగా బ్లాక్ పేరుతో కొన్ని లైన్లలో రైళ్ళు తగ్గిస్తారు, దారి మళ్ళిస్తారు.

అలాగని మనసు కష్టపెట్టడమెందుకు? "వదినా, ఓడ దిగాక మీ ఇంటికే వస్తాం, ఒక రోజుంటాం" అని ముందుగానే ఫోను చేసి చెప్పండి. తిరిగొచ్చేటప్పుడు ఎవరికీ కంగారుండదు. ఓడ ముచ్చట్లు చెప్పుకోవడానికీ బాగుంటుంది. ఈ మాట మీవారి చేత కాక మీరే చెబితే మరీ మంచిది. ఆడవాళ్ళ తొందర ఆడవాళ్ళకే అర్థమవుతుంది.

చవక లెక్క సరిగ్గా వేయండి

ఉదాహరణకు దూరపు గది 2,500 రూపాయలు, రేవు దగ్గరి గది 3,500 అనుకుందాం. వెయ్యి మిగిలిందనిపిస్తుంది. దూరపు గది నుంచి రేవుకు ట్యాక్సీ 800, నలుగురికి సామానుతో ఒక్క బండి చాలకపోతే మరో 800. చవక గది ఖరీదయిపోయింది. పైగా దారిలో గంటన్నర గుండె దడ ఉచితం. గదుల అద్దె సీజనును బట్టి మారుతుంది, మీ అంకెలు వేసుకుని మీరే చూడండి.

ఫోనులో ఇవి అడగండి

కంప్యూటరులో ఫొటోలు చూసి మురిసిపోకండి. అడ్వాన్సు పంపే ముందు హోటలు సొంత నంబరు తెలుసుకుని మాట్లాడండి. నకిలీ నంబర్లతో డబ్బు గుంజేవాళ్ళున్నారు.

- గదికి కిటికీ ఉందా? లిఫ్టు ఉందా? అత్తగారికి వెస్టర్న్ టాయిలెట్ ఉందా?
- గది ఎన్నింటికి ఖాళీ చేయాలి? వచ్చిన వేళ నుంచి 24 గంటలా, ఉదయం పదింటికా?
- ఖాళీ చేశాక సామాను కొన్ని గంటలు ఉంచుకుంటారా?
- నలుగురికి అదనపు పరుపు ఇస్తారా? దానికెంత?
- రాత్రి రైలు ఆలస్యమైతే గది వేరేవాళ్ళకు ఇచ్చేయరు కదా?

రైల్లో వచ్చేవాళ్ళు రైల్వే విశ్రాంతి గదుల సంగతి కూడా చూడొచ్చు. పీఎన్ఆర్ నంబరుతో ముందుగా బుక్ చేసుకోవాలి. త్వరగా అయిపోతాయి.

ఆ రాత్రే చేయవలసిన పనులు

పులిహోర, చపాతీలు, ఆవకాయ కట్టుకెళ్ళారా? ఆ రాత్రే విప్పండి. ఇంటి నుంచి తెచ్చిన తిండిని చాలా ఓడల్లోకి తీసుకురానివ్వరు. ఇస్త్రీపెట్టె, కరెంటు కెటిల్ కూడా అంతే. కాబట్టి చీరలు ఇస్త్రీ చేసుకోవాలంటే హోటల్లోనే చేసుకోండి. చంటిపిల్లల ఆహారం, మందుల విషయం ఓడ కంపెనీని అడిగి ఉంచుకోండి. ఇంట్లో గర్భిణి ఉంటే టిక్కెట్టు కొనక ముందే అడగాలి. ఇరవై నాలుగు వారాలు దాటితే చాలా కంపెనీలు ఎక్కనివ్వవు.

అందరి గుర్తింపు కార్డులు, పిల్లల కాగితాలు, టిక్కెట్లు, రోజువారీ మందులు ఒకే చేతిసంచిలో పెట్టండి. పెద్ద పెట్టెలు రేవులోనే తీసేసుకుంటారు. గదికి చేరేసరికి కొన్ని గంటలు పట్టొచ్చు. బీపీ మాత్రలు వాటిలో వేయకండి. గేటు పేరు, హోటలు అడ్రసు ఒక కాగితం మీద రాసి అదే సంచిలో ఉంచండి. సెల్‌ఫోను చార్జింగు అయిపోయినా ఆ కాగితం పనిచేస్తుంది.

ఏ పేటలో దిగాలో మగవాళ్ళు ఖర్చు చూసి చెబుతారు, పిల్లలు ఫొటోలు చూసి చెబుతారు. కానీ తెల్లవారుజామున లేచి అందరినీ లేపి, తయారుచేసి, లెక్కపెట్టుకుని బయటికి నడిపించేది మీరు. అందుకే ఈ ఒక్క నిర్ణయం మీరే తీసుకోండి. మిగతా చోట్ల ఎంత పొదుపు చేసినా, ఆ రాత్రి మాత్రం రేవుకు దగ్గరగా పడుకోండి. అప్పుడు ఓడ కదిలే వేళకు డెక్కు మీద అందరితో పాటు నిలబడి చూసే ఓపిక మీకూ ఉంటుంది. ఇంటిల్లిపాదికీ సెలవు దొరికి, ఇల్లాలికి మాత్రం దొరకని ప్రయాణం కాకూడదు కదా ఇది!