గోరీల దగ్గర ఎవరున్నారు?

ఊళ్లలో ‘సాయిబుల గోరీలు’ అని పిలిచే చోటు చాలాసార్లు మొత్తం జమాతుది కాదు, ఒక్క ఇంటిది. ఖాజీ సేవకో, దర్గా ముజావరీకో ఇనాముగా వచ్చిన భూమిలో ఓ మూల ఆ ఇంటి పెద్దను దఫన్ చేసేవారు. తరవాత ఆయన పక్కనే భార్య, బిడ్డలు. మా అమ్మమ్మగారి ఊళ్లో ఉన్నది అలాంటిదే. చింతచెట్టు కింద తలరాళ్లున్నాయి, ఒక్కదాని మీదా పేరు లేదు.

అది నిర్లక్ష్యం కాదు. ఖబర్‌ను గచ్చుతో కట్టవద్దని హదీసు ఉంది. గట్టి నేలైతే గోతి అడుగున ఖిబ్లా వైపు గూడు తొలుస్తారు, అది లహద్. వదులు నేలైతే నడిమధ్య కాలువలా తవ్వుతారు, అది షఖ్. మన దేశంలో మయ్యిత్ తల ఉత్తరానికి, ముఖం పడమరకు. పైన జానెడు మట్టి, నాలుగు వానలకు అదీ కుంగుతుంది. ఇక ఎవరిది ఎక్కడో చెప్పాల్సింది మనుషులే. షబే బరాత్‌కు పిల్లల్ని తీసుకెళ్లి ‘ఇది మీ ముత్తాతది’ అని చూపే పెద్దలు పోతే అంతే.

దాతలు గమనించాల్సిన సంగతి ఒకటుంది. కుటుంబానికే పరిమితమైన ఖబరస్తాన్ ప్రైవేటుదే. కానీ బయటివారిని కూడా అక్కడ పాతిపెట్టనిస్తూ వచ్చి, అలాంటివి తగినన్ని ఉన్నాయని రుజువైతే అది అందరిదీ అవుతుందని సుప్రీంకోర్టు 1976లో చెప్పింది. మా ఊళ్లో మొదట ఓ ఫకీరుకు, తరవాత జాగా లేని పక్క ఊరి కుటుంబాలకు చోటిచ్చారు. అప్పుడు చేసింది పుణ్యానికి. ఇప్పుడు ఆ భూమిని ప్లాట్లు చేయాలని వారసుల్లో కొందరు చూస్తుంటే, ఆ పరాయి గోరీలే మాకు ఆధారం.

2025 సవరణతో ‘వాడుక వల్ల వక్ఫ్’ కొత్తగా ఏర్పడదు. ముందే నమోదై, వివాదం లేనివాటికే ఆ రక్షణ. అందుకే ప్రహరీకని చందా ఇచ్చేవారికి నా మనవి: గోడ తరవాత, ముందు కాగితం. 1954-55 ఖాస్రా పహాణీ నకలు, వక్ఫ్ గెజిట్‌లో సర్వే నంబరు ఉందో లేదో, కొలతల పటం, పెద్దల వాంగ్మూలాలు. వీటికి ఖర్చు గోడకయ్యే దానిలో ఏ మూలకూ రాదు.

మేం పోయిన రంజాన్ తరవాత నోటుబుక్కు పట్టుకుని కూర్చున్నాం. 41 ఖబర్‌లు లెక్కకొచ్చాయి. 34 పేర్లు రాశాం. ఏడింటి గురించి చెప్పేవారు ఇంకా దొరకలేదు.