మనవాళ్ల మెక్సికన్ పిజ్జా

మెక్సికన్ పిజ్జా అనగానే మనకి మొక్కజొన్న గింజలు, రాజ్మా, హాలపీన్యో మిరపకాయ ముక్కలు చల్లిన పిజ్జా గుర్తొస్తుంది. అమెరికాలో ఉన్న మనవాళ్లని అడగండి, చాలామంది టాకో బెల్ పేరు చెబుతారు.

1962లో కాలిఫోర్నియాలో మొదలైన టాకో బెల్ ఈ వంటకాన్ని 1985లో తెచ్చింది. దీనికి పిజ్జా రొట్టె ఉండదు. రెండు మైదా టోర్టియాలని, అంటే పల్చటి రొట్టెల్ని, అప్పడంలా కరకరలాడేట్టు నూనెలో వేయిస్తారు. వాటి మధ్య మసాలా బీఫ్, ఉడికించి మెదిపిన బీన్స్ పెడతారు. పైన టమాటా సాస్, చీజ్, టమాటా ముక్కలు. అంతే!

మరి బీఫ్ ఉన్న వంటకం శాకాహారులకి ఎలా నచ్చింది? బీఫ్ తీసేసి ఆ చోట ఇంకాస్త బీన్స్ వేసినా వంటకం చెడదు కాబట్టి. మెక్సికోలో ఈ బీన్స్‌ని పంది కొవ్వుతో వేయించడం మామూలే. టాకో బెల్ బీన్స్‌లో అది ఉండదు. ఫాస్ట్‌ఫుడ్ షాపుకి వెళ్తే వేయించిన ఆలుగడ్డ ముక్కలతో సరిపెట్టుకోవాల్సిన రోజుల్లో భారతీయ కుటుంబాలకి ఇది కడుపు నింపే భోజనమైంది. పిల్లలు దీన్ని తింటూనే పెరిగారు.

2020 నవంబరులో కంపెనీ దీన్ని మెనూలోంచి తీసేసింది. చెప్పిన కారణాల్లో ఒకటి అట్టపెట్టె. అమెరికాలో ఈ ఒక్క వంటకం ప్యాకింగ్‌కే ఏటా 70 లక్షల పౌండ్లకి పైగా అట్ట, అంటే సుమారు 3,200 టన్నులు, ఖర్చవుతోందట. పర్యావరణం కోణంలో అది న్యాయమైన లెక్కే. కానీ ఇది లేకపోతే ఎవరికి తినడానికి ఏం మిగులుతుందో ఆ లెక్క చెప్పదు కదా!

ఆ సంగతి తినేవాళ్లే చెప్పారు. భారతీయ మూలాలున్న ఒక యువకుడు పెట్టిన ఆన్‌లైన్ విజ్ఞప్తి మీద 1.7 లక్షల మందికి పైగా సంతకాలు చేశారు. 2022 మే 19న మెక్సికన్ పిజ్జా తిరిగొచ్చింది. గిరాకీకి సరుకు చాలక కొద్ది రోజుల్లోనే ఆగింది. సెప్టెంబరు 15 నుంచి మెనూలో స్థిరపడింది.

ఎమ్మెస్‌కి వెళ్లే మిత్రులారా, మామూలుగా ఆర్డరిస్తే బీఫ్‌తోనే వస్తుంది. మీరు తినకపోతే “బీఫ్ బదులు బీన్స్” అని ముందే చెప్పండి.