నెల్లూరులో దిగని పెండ్లివారు

భార్య పుట్టినరోజునకు ఆమెకు తెలియకుండ, తొమ్మిదివేల రూపాయలలో చెన్నపట్నయాత్ర: ఒక తెనాలి గుమాస్తా జమాఖర్చు కాగితపు కథ

ఈ ముఖచిత్ర కథనమును నాకప్పగించుచు సంపాదకులు చెప్పినది క్లుప్తముగనే చెప్పిరి: పుట్టినరోజునాడు భార్యనో భర్తనో ముందుగా తెలుపకుండ ఒక నగరమునకు తీసికొనిపోవు ముచ్చట మధ్యతరగతి ఇండ్లలోనికి కూడ వచ్చినది గనుక, అల్పవ్యయముతో అది ఎట్లు సాధ్యమో బుధవారము సాయంకాలములోగా వ్రాసి యిమ్మనిరి. యాత్రాసంస్థల కరపత్రములను బల్లనిండ పరచుకొని కూర్చుంటిని. వానిలో ఊరిపేరు మారుచున్నదే గాని తక్కినదంతయు ఒక్కతీరుననే యున్నది: మంచముమీద గులాబిరేకులు, గోడకు బెలూన్లు, అర్ధరాత్రివేళ కేకు, జంటగా నిలిచి తీయించుకొను ఫొటో. ఎవరి పుట్టినరోజునకై యింత వ్యయమగుచున్నదో ఆ మనిషి యొక్క జాడ మాత్రము ఏ కరపత్రమునందును లేదు. అట్టి యేర్పాట్లయందు నాకు మొదటినుండియు విశ్వాసము తక్కువ. ఈ కథనము ఆ అభిప్రాయముతోనే వ్రాయబడినదని పాఠకులు గ్రహింతురుగాక.

తెనాలిలో ఒక బియ్యపుమిల్లునందు లెక్కలు వ్రాయు మిత్రుడొకడు, నేను దేనికొరకు వెదకుచుంటినో విని, తన పొడుగుపుస్తకమునుండి చింపి దాచుకొనిన కాగితమును నా చేతికిచ్చెను. దానిని చదివిన పిమ్మట కరపత్రములతో నాకు పని లేకపోయినది.

కాగితమునకు తలమీద శ్రీకారము, దాని క్రింద ఎడమవైపున జమ, కుడివైపున ఖర్చు. జమలో నున్నది ఒక్క పద్దే: నెలకు 750 వంతున పండ్రెండు నెలలు, వెరసి 9,000. ఖర్చువైపున రైలు 1,150, గది 2,100, భోజన ఫలహారములు 1,600, ఊరిలో తిరుగుట 400, చీర 1,800, ఇంటివద్ద అమ్మకు, అక్కకు 500, చేతినిల్వ 1,450. ఈ పద్దులకంటె కొట్టివేసిన పద్దులు నన్ను ఎక్కువగా ఆకర్షించినవి. మొదట బెంగుళూరు అని వ్రాసి కొట్టివేసినాడు. ఊటీ అని వ్రాసి, ప్రక్కన చలి, ఆమె మోకాళ్లు అని గుర్తుపెట్టుకొని, దానిని కూడ కొట్టివేసినాడు. గది అలంకరణ 1,500 అని వ్రాసి రెండుగీతలతో కొట్టివేసి, ఆ పైకము చీరలోనికి త్రోసినాడు. ఈ కొట్టివేతలన్నిటికిని అడుగున, అంచుమీద సన్నని అక్షరములతో ఇట్లున్నది: రాళ్లు, ఎగ్మూరు, శుక్రవారము సెలవు.

ఆ రాళ్ల సంగతి యేమనగా, అతని భార్య పుట్టినది కృష్ణయొడ్డున, ధరణికోటకు సమీపమున నున్న ఒక పల్లెలో. చిన్ననాట అమరావతి దిబ్బమీద ఆడుకొన్న పిల్లకు, ఇక్కడి బొమ్మలరాళ్లు ఏనాడో చెన్నపట్నము వెళ్లిపోయినవని తండ్రి చెప్పియుండెను. పెండ్లియైన క్రొత్తలో ఆమె ఆ మాటను భర్తతో ఒకపర్యాయము ప్రస్తావించి, ఒక్కసారి చూడవలెనని అనినదట. పిమ్మట పిల్లలు, చదువులు, అత్తగారి చక్కెరవ్యాధి, ఇంటివద్దనే రవికలు కుట్టు వృత్తి, వీని నడుమ ఆమె దానిని మరచినది, అతడు మరువలేదు. ఆమెకు ఏబదియేండ్లు నిండు పుట్టినరోజు ఫిబ్రవరిలో రెండవ శనివారమునకు దగ్గరగా వచ్చుట చూచి, ఏడాది ముందుగనే పైకము ప్రక్కకు తీయ నారంభించెను.

చరిత్రను ఇచ్చట గబగబ చెప్పి సాగవలసియున్నది. మెకంజీ దొర అమరావతి స్తూపమును 1797లో చూచెను. వాల్టర్ ఇలియట్ 1845లో త్రవ్వించి శిల్పములను మద్రాసునకు పంపెను. వానిలో పెక్కు 1859లో లండనుకు తరలి నేడు బ్రిటిష్ మ్యూజియమునందున్నవి. 1877లో సెవెల్, 1881 ప్రాంతమున బర్జెస్ మరల త్రవ్వించిరి. ఇవిగాక బందరుచేరి అచ్చటినుండి మద్రాసు వెళ్లినవియు కొన్ని కలవు. 1851లో నెలకొల్పబడిన మద్రాసు ప్రభుత్వ మ్యూజియమునందు మిగిలినవి ఎగ్మూరులో నేటికిని చూడవచ్చును.

ఇక కాగితము వెనుకవైపు. ముందువైపున ధనమున్నది, వెనుకవైపున పని యున్నది. నా కథనమునకు ప్రాణము ఇచ్చటనే దొరకినది. అది మాఘమాసపు పెండ్లిండ్ల కాలము. ఆమె కుట్టుమిషనుప్రక్క రవికగుడ్డలు పేరుకొనియుండు కాలము. ఆమెను రెండుదినములు ఇల్లు కదలించుటయనగా, ఆ రెండుదినముల పనిని ముందుగానో వెనుకగానో ఎవరో చేయవలెను. లేకున్న తిరిగివచ్చిన మరునాటినుండి ఆమె రాత్రులు మేల్కొని దానిని తీర్చుకొనవలసి వచ్చును. అట్టి యాత్ర ఆమెకు కానుక గాదు, అప్పు. ఈ సంగతి నేను చదివిన ఏ కరపత్రమునకును తెలియదు. ఈ గుమాస్తాకు తెలిసినది. వెనుకవైపున మొదటి పంక్తి: రవికలు పదునొకండు, గురువారములోగా. రెండవది: హుక్కులు, కాజాలు నేర్చుకొనుట. మరదలివద్ద కూర్చుండి హుక్కులు కుట్టుట నేర్చుకొని, నెల్లూరులో మిల్లుయజమాని బంధువులయింట పెండ్లియున్నదనియు, తప్పక పోవలయుననియు భార్యకు చెప్పి, పని తెమలుటకై రాత్రులు తానే హుక్కులు కుట్టియిచ్చినాడు. ఆమె ఆశ్చర్యపడినదే గాని అనుమానపడలేదు.

మూడవ పంక్తి తల్లిని గూర్చినది. రేపల్లెనుండి అక్క వచ్చి రెండుదినములు ఉండుటకు ఒప్పుకొనినది. ముందువైపునందలి 500 ఆమె రాకపోకలకును, ఇంటి ఖర్చునకును. నాలుగవది బీపీ మాత్రలు: భార్యవి నాలుగురోజులకు సరిపడునట్లు తన సంచిలో పెట్టుకొనవలెనని. అయిదవది ఆమె ఆధార్ కార్డు. దానిని బీరువానుండి తీసి అందించినది మరదలు. ఆరవది చెప్పులు, ఎదురుగా నడక అని గుర్తు. పట్టుచీరకు తగిన చెప్పులతో పెండ్లికి బయలుదేరిన స్త్రీ మ్యూజియమునందు మూడుగంటలు నడువలేదు గదా! పాతచెప్పులను కాగితములో చుట్టి సంచి అడుగున పెట్టినాడు. భార్యపట్ల ప్రేమను గూర్చి నేను చదివిన వ్రాతలలో ఈ ఆరుపంక్తులను చాల ఎత్తున నిలుపుదును.

ఫిబ్రవరి రెండవ శనివారము వేకువను, పెన్నానది పేరుతో నడచు పినాకినీ ఎక్స్‌ప్రెస్సును దంపతులు తెనాలిలో ఎక్కిరి. బాపట్ల, చీరాల, ఒంగోలు దాటి పదిగంటల ప్రాంతమున బండి నెల్లూరు సమీపించుచుండగా ఆమె లేచి, కొంగు సవరించుకొని, పైనున్న సంచికై చేయిచాచినది.

"ఏమండీ, నెల్లూరు వచ్చేస్తోంది. లేవండి."

"మనం దిగేది ఇక్కడ కాదు. కూర్చో."

"పెళ్లి ఇక్కడేగా?"

"పెళ్లి లేదు. మద్రాసు వెళ్తున్నాం. మీ ఊరి రాళ్లు చూద్దువుగాని."

బండి కదలిపోయిన పిదపగాని ఆమె కూర్చుండలేదట. మొదట అడిగినది అత్తగారి ఇంజక్షను ఎవరు చేయుదురని. పిదప సోమవారము ఇవ్వవలసిన రవికలను గూర్చి. రెండింటికిని అతనియొద్ద సమాధానమున్నది. గూడూరు దాటినపిమ్మట ఆమె కిటికీవైపు తిరిగి కొంతసేపు మాటలాడలేదు. తరువాత, ఆ పెండ్లికై తాను తెచ్చిన చదివింపుల కవరును సంచినుండి తీసి అతని చేతిలో పెట్టినది. అందులో 516 రూపాయలున్నవి. కాగితమునందు జమవైపున, 9,000 క్రింద, వేరొక సిరాతో, ఆమె చేతివ్రాతలో ఒక పద్దు కలదు: చదివింపులు 516.

మధ్యాహ్నము ఒంటిగంట దాటునప్పటికి సెంట్రలు చేరి, మెట్రోలో తరువాతి స్టేషనేయగు ఎగ్మూరున దిగి, ఆ స్టేషనుకెదుట లాడ్జీలకు పేరుపొందిన కెన్నెట్ లేనులో గది తీసికొనిరి. చేరిన వేళనుండి ఇరువదినాలుగు గంటలు లెక్కించు లాడ్జీని ఫోనుమీద ముందుగనే విచారించి పెట్టుకొనుటచేత, ఒక్క దినపు అద్దెతో మరునాటి మధ్యాహ్నమువరకు గది దక్కినది. మ్యూజియమునకు నడచియే పోయిరి.

అచ్చట జరిగినదానిని ఆమె నోటనే వింటిని. మదించిన నాలగిరి ఏనుగును బుద్ధుడు శాంతింపజేయు ఘట్టమును చెక్కిన వర్తులఫలకము ఎగ్మూరు సంపదలో మిక్కిలి ప్రసిద్ధమైనది. ఏనుగు వీథిలో జనులను తొక్కుచు వచ్చుటయు, అదియే బుద్ధుని యెదుట మోకరిల్లుటయు ఒక్క వృత్తములోనే చూపబడినవి. దానిముందు అందరును నిలుతురు. ఆమె యెక్కువసేపు నిలిచినది మాత్రము స్త్రీమూర్తులముందు. నడుమునకు చుట్టిన వస్త్రము ఎచ్చట ముడిపడినది, కుచ్చిళ్లు ఏవైపునకు జారినవి, మేఖల ఎన్నిపేటలు, పలుచని గుడ్డను రాతిలో చూపుటకు గీతను ఎంత లోతుగా లాగినారు, ఇవి ఆమె చూచినది. ముప్పదియేండ్లు గుడ్డను కత్తిరించిన చేయిగల మనిషి చూచిన చూపది. పలనాటి సున్నపురాతిమీద అంత సన్నని మడత ఎట్లు నిలిచినదని ఆమె నన్నడిగినప్పుడు, ఆ శిల్పములను గూర్చి నేను చదివిన పుస్తకములకంటె ఆ ప్రశ్న నాకు విలువైనదిగా తోచినది. మూసివేయు వేళవరకు వారచ్చటనే యుండిరి. ఆనాటికి అనుకొన్న సముద్రతీరమును మరునాటికి త్రోసిరి.

ఆదివారము ఉదయము తిరువల్లిక్కేణిలో రత్నా కేఫునందు సాంబారులో మునిగిన ఇడ్లీ. అచ్చటినుండి మైలాపూరు, కపాలీశ్వరుని దర్శనము. మాడవీథిలో ఆ 516లోనుండి ఆమె ఒక ఇత్తడి దీపపుకుంది కొనినది. దారిలో రాయపేట హైరోడ్డునందలి ఒక భవనమువద్ద కొంచెము ఆగిరి. బులుసు సాంబమూర్తిగారి ఇంట పొట్టి శ్రీరాములుగారు 1952 అక్టోబరు 19న నిరాహారదీక్ష ఆరంభించి డిసెంబరు 15 రాత్రి ప్రాణములు విడిచిన స్థలమది, నేడు స్మారకభవనము. చెన్నపట్నము పోవు తెలుగువారు దానిని దాటిపోరాదని నా కోరిక. సాయంకాలము మెరీనా, రాత్రి రైలు, సోమవారము తెల్లవారకముందే తెనాలి.

రహస్యము బయటపడు చోట్లు

ఈ రోజులలో రహస్యమునకు మొదటి శత్రువు మొబైలు ఫోను. రిజర్వేషను ఫారములో నంబరు వ్రాసిన, టికెట్టు వివరములు ఆ ఫోనుకే వచ్చును. సాయంకాలము భర్త ఫోనులోని సందేశములను భార్య చదివి చెప్పు ఇల్లది గనుక, మన గుమాస్తా మరదలి నంబరు వ్రాసి, "వచ్చినవన్నీ నాకు మిల్లుకు ఫోను చేసి చెప్పమ్మా" అని యేర్పాటు చేసుకొనెను. ఉమ్మడి బ్యాంకుఖాతానుండి చెల్లించినచో ఆ సందేశము ఇద్దరికిని చేరవచ్చును, నగదు మేలు. లాడ్జీలవారు ఇద్దరి గుర్తింపుపత్రములను అడుగుదురు. అన్నింటికంటె ముఖ్యము, ఇంటిలో ఒక్కరికైనను పూర్తి నిజము తెలిసియుండవలెను. వృద్ధురాలున్న ఇంట నెల్లూరని చెప్పి చెన్నపట్నములో నుండుట అత్యవసరవేళ ప్రమాదకరము. అతడు అక్కకును మరదలికిని లాడ్జీ ఫోను నంబరు వ్రాసియిచ్చియుండెను.

పోదలచినవారికి

రైలులో ముందస్తు రిజర్వేషను గడువు 2024 నవంబరు నుండి 60 దినములు. సంక్రాంతి దినములలో చెన్నపట్నపు బండ్లలో చోటు దొరకుట కష్టము. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు అచ్చట వానలు. జనవరి చివరినుండి ఫిబ్రవరి అంతయు హాయిగా నుండును. తమిళనాట సాధారణ సిటీబస్సులలో స్త్రీలకు 2021 నుండి ప్రయాణము ఉచితము. తిరుగుటకు వ్రాసిన 400లో మిగులు తేలినది ఇందుచేతనే. గది విడిచిన పిదప సామానును సెంట్రలు స్టేషను క్లోక్‌రూములో ఉంచవచ్చును, సంచికి తాళముండవలెను. కపాలీశ్వరుని గుడి మధ్యాహ్నము మూసి సాయంకాలము తెరచుదురు.

కాగితము చివర లెక్క ముగిసినది: ఖర్చు 8,240, చదివింపులతో కలిపి మిగులు 1,276. ఆ మిగులును ఇద్దరును కలసి అమరావతికి, లండనుకును మద్రాసుకును పోక మిగిలిన రాళ్లను చూచుటకు, ప్రక్కనపెట్టిరి.

అల్పవ్యయముతో ఆశ్చర్యపరచగోరు భర్తలకును భార్యలకును నేను చెప్పదలచినది ఇది: ఊరిపేరు వ్రాయుటకు ముందు, మీ యింటి మనిషి లేనప్పుడు ఆగిపోవు పనులను వ్రాసి, ఒక్కొక్కదానికెదుట అది చేయువారి పేరు వ్రాయుడు. ఆ పట్టిక నిండినగాని టికెట్టు కొనవద్దు. పుట్టినరోజు వారము మధ్యలో పడినచో శనివారమువరకు ఆగుడు. శుక్రవారము ఎగ్మూరు మ్యూజియము తెరువరు.