ఆ నాట్యానికి ఆ పేరు ఎవరు పెట్టారు?



పోయిన నెలలో మా అక్క ఫోన్ చేసి, "నీ మాటయితే వింటుంది, కాస్త నువ్వు చెప్పవే" అంది. సంగతేమిటంటే అక్క కూతురు హైదరాబాదులో బెల్లీ డాన్సు క్లాసులో చేరిందట. పెళ్లి కావలసిన పిల్ల, నలుగురికీ తెలిస్తే ఎలాగని ఆవిడ బాధ. సరే, మందలించే ముందు అసలదేమిటో తెలుసుకుందామని నాలుగు పుస్తకాలు తిరగేశాను. తిట్టబోయి తెలుసుకున్న విషయాలే ఇవాళ మీతో చెబుతున్నాను.

మనకి ఆ నాట్యమంటే పాత సినిమాలే కదా! విలను సోఫాలో కూచుని గ్లాసు పట్టుకునేసరికి, మెరుపుల గుడ్డలు కట్టుకున్న ఒకావిడ ఎదురుగా వచ్చి నడుం తిప్పుతుంది. అది వచ్చే లోపల మనం పిల్లల్ని ఏదో పని మీద లోపలికి పంపేవాళ్లం.

ఈజిప్టులో దానికి ఆ పేరే లేదు. అక్కడ "రక్స్ షర్కీ" అంటారు, అంటే తూర్పు నాట్యమని. ఇళ్లలో, పెళ్లి పందిళ్లలో ఆడేది "రక్స్ బలదీ". బలదీ అంటే మన వూరిది, మన నాటుది అని అర్థం. పొట్ట పేరు పెట్టినవాళ్లు ఫ్రెంచివాళ్లు. 1889లో పారిస్ ప్రదర్శనలోనూ, 1893లో చికాగో ప్రదర్శనలోనూ కైరో వీధి అని ఒకటి కట్టి, అందులో ఈ నాట్యం పెట్టారు. జనం విరగబడి చూశారు. ఫ్రెంచి పేరు ఇంగ్లీషులోకి దిగి లోకమంతా పాకింది. 1893, చికాగో అంటే మనకు వివేకానందుడు గుర్తొస్తాడు. సర్వమత సభ జరిగింది ఆ ప్రదర్శన సందర్భంలోనే. ఒకే వూళ్లో, ఒకే ఏడాది, తూర్పు దేశాల గురించి అమెరికా వాళ్లు ఎన్ని రకాలుగా తెలుసుకున్నారో చూడండి!

ఇక నాట్యం సంగతి. మన కూచిపూడిలో అడుగు, చెయ్యి, కన్ను అన్నీ కలిసి కథ చెబుతాయి. ఇందులో కథ లేదు. పాటలో వినబడేదాన్ని ఒంటితో చూపించడమే పని. అసలు కిటుకేమిటంటే, ఒక భాగం కదులుతుంటే మిగతా ఒళ్లు నిలిచిపోవాలి. చేటతో బియ్యం చెరిగేటప్పుడు మణికట్లు ఆడతాయి గాని భుజాలు కదలవు కదా, అలాంటిదన్నమాట. తుంటిని పైకెత్తి డప్పు దెబ్బకి సరిగ్గా కిందకి వదలడం ఒకటి. నడుంతో ఎనిమిది అంకె గీయడం ఒకటి (ఇంగ్లీషు ఎనిమిది, మన తెలుగు ౮ కాదు). మోకాళ్లు కొంచెం వంచి వదులుగా వుంచి, తుంటి దగ్గర సన్నగా వణుకు పుట్టించి, దాన్ని ఆపకుండా నడవడం మరొకటి. పొట్టని అలలా కదిలించడం ఇన్నింటిలో ఒకటి మాత్రమే. పేరంతా దానికే దక్కింది! డప్పుని అక్కడ తబ్లా అంటారు. మన తబలా పేరు కూడా ఆ అరబ్బీ మాట నుంచి వచ్చిందే. చూడడానికి మాత్రం బోర్లించిన కూజాలా వుంటుంది. వేళ్లకి తొడుక్కునే చిన్న ఇత్తడి తాళాలు కూడా వుంటాయి.

కైరో పెళ్లిళ్లలో నాట్యకత్తె నెత్తిన వెలిగించిన కొవ్వొత్తుల దీపస్తంభం పెట్టుకుని, వధూవరుల ముందు నడిచే ఆచారం వుంది. నడుమంతా ఆడుతుంటే తల మీది దీపం తొణకదు. నీళ్లబిందె నెత్తిన పెట్టుకుని నడిచిన ఆడదాన్ని చూసినవాళ్లకి అదెలా సాధ్యమో చెప్పనక్కరలేదు.

ఇది ఫారోల కాలం నాటిదనీ, గుళ్లలో పుట్టిందనీ చెబుతారు గాని అంత వెనక్కి వెళ్లడానికి ఆధారాలు చాలవు. రెండు వందల ఏళ్ల కిందటి సంగతులు మాత్రం బాగానే తెలుసు. అప్పుడు రెండు రకాల వాళ్లుండేవారు. అవాలిం అంటే విద్య తెలిసినవాళ్లు. పెద్దిళ్లలో ఆడవాళ్ల మధ్య పాడేవారు. గవాజీలు వీధుల్లో, పెళ్లి ఇళ్ల ముందు ఆడేవారు. మన పెళ్లిళ్లలో మేజువాణీలు వుండేవి చూడండి, అలాగే. పెళ్లికి వాళ్లు రాకపోతే ఇంటికి లోటు, వాళ్ల పిల్లని కోడలిగా అడిగేవాళ్లు మాత్రం లేరు.

1834లో మహమ్మద్ అలీ పాషా ఆడవాళ్ల నాట్యాన్ని కైరోలో నిషేధించి, వాళ్లని దక్షిణాన ఎస్నా, కెనా లాంటి వూళ్లకి వెళ్లగొట్టాడు. నాట్యం ఆగిందా? ఆడవేషం వేసుకున్న మగపిల్లలు ఆడారు! మనకి మద్రాసు రాష్ట్రంలో 1947లో దేవదాసీ చట్టం వచ్చాక, విద్య సభల్లోకి వచ్చి కూచుంది గాని, దాన్ని కాపాడిన ఆ ఆడవాళ్లలో చాలామందికి చోటు దక్కలేదు. అది చదువుతుంటే ఇదే గుర్తొచ్చింది నాకు.

దుస్తుల విషయం చెబితే మీరు ఆశ్చర్యపోతారు. పూర్వం గవాజీలు పొడుగాటి అంగీ, కింద వదులు పైజామా వేసుకుని, తుంటికి ఒక శాలువా బిగించేవారు. కదలిక తెలియడానికి ఆ శాలువా. పూసల రవిక, పట్టీ, పావడా వున్న ఆ రెండు ముక్కల వేషం తర్వాతది. 1926లో బదియా మసబ్ని అనే ఆవిడ కైరోలో నాట్యశాల పెట్టింది. అలాంటి చోట్ల, విదేశీ సినిమాల మోజుతో అది స్థిరపడింది. అంటే మనం తూర్పు వేషమనుకున్నది సగం పడమటిదే! బదియా దగ్గర తయారైనవాళ్లే సామియా గమాల్, తహియా కారియోకా. తహియా పెద్ద సినిమా నటి కూడా. రాజకీయాల వల్ల జైలుకి వెళ్లింది. ఎడ్వర్డ్ సయీద్ అంతటి పండితుడు ఆవిడ మీద వ్యాసమే రాశాడు.

ఈజిప్టులో ఇప్పటికీ పెళ్లికి ముందు గోరింటాకు రాత్రి ఆడవాళ్లంతా చేరి, అమ్మమ్మ దగ్గర్నుంచి చంటిపిల్ల దాకా తుంటికి చున్నీ కట్టుకుని ఆడతారు.

మొన్న ఆదివారం అక్క కూతురు మా ఇంటికొచ్చింది. "పిన్నీ, తిట్టడానికేనా పిలిచావు?" అంది. ఒకసారి చేసి చూపించమన్నాను. చున్నీ కట్టుకుని పది నిమిషాలు చేసి, చెమట్లు కక్కుతూ కూలబడింది. నేనూ లేచి ఆ ఎనిమిది గీయబోయాను. రెండు రోజులు నడుం పట్టేసింది. మా అక్కకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. "సరేలే, బావగారికి మాత్రం చెప్పకు" అంది.